మా తండ్రిగారి వనభోజనములు

(సంఘ వార్షిక మహాసభయందు చేసిన ప్రసంగము)



ఈ యేటి మహాసభలో పెద్దలు కొందఱు తమ తల్లిదండ్రులను గూర్చి నాలుగు మాటలు చెప్పవలెనని నిర్ణయించి, కార్యదర్శిగారు నా పేరును గూడ పట్టికలో చేర్చిరి. నేను ముప్పదియైదు సంవత్సరములు బడిలో మాటలాడినవాడనే గాని సభలలో మాటలాడినవాడను గాను. బడిలో గంట కొట్టినంతనే నోరు మూసికొనుట నా కలవాటు. ఇచ్చట గంట లేదు. అధ్యక్షులవారు దయతో కనుసన్న చేసిన చాలును.

సామాన్యముగా మన సంచికలలో స్మరింపబడువారు దాతలు, పండితులు, పెద్ద యుద్యోగములు చేసినవారు. విద్యార్థులకు వసతిగృహములు కట్టించినవారిని, వేతనములిచ్చి చదివించినవారిని తలచుకొనుట మన విధియే. మా తండ్రిగారు వీరిలో నెవ్వరును గారు. ఏ గోడమీదను వారి పేరు చెక్కిన పలక లేదు. వారొక చిన్న గ్రామమునకు కరణము. నవ్వుట, నవ్వించుట, ఇంటివారినందఱిని వెంటబెట్టుకొని పొలముగట్లమీదను, గోదావరి యొడ్డునను, తోపులలోను తిరుగుట, ఇవియే వారు జీవితమున సంపాదించిన యాస్తి. అట్టివారిని గూర్చి యింత సభలో చెప్పుట యెందులకని మీలో కొందఱకు తోచవచ్చును. అందులకొక కారణము కలదు. దానిని కడపట మనవి చేసెదను.

మఱియొక సంగతి. నా భాష సంస్కృత పాఠశాలలో ముదిరినది. వారి భాష కాలువగట్టున పెరిగినది. వారి మాటలను నేను గ్రాంథికమునకు మార్చితినా, వారు స్వర్గమునుండి దిగివచ్చి నన్ను వెక్కిరింతురు. కావున వారి మాటలను వారి నోట వచ్చినట్లే చెప్పెదను. వ్యాకరణవేత్తలు క్షమింతురుగాక.

వారు ప్రభవ నామ సంవత్సరమున, అనగా 1927లో, జన్మించిరి. మా గ్రామము గౌతమీ తీరమున, 2022లో ప్రత్యేక జిల్లాగా నేర్పడిన కోనసీమలో నున్నది. కరణమనగా నేమో నేటి పిల్లలకు తెలియదు. ఏ సర్వే నంబరు ఎవ్వరిది, అందులో నీ యేడు ఏ పైరు వేసిరి, శిస్తెంత, ఇవి యన్నియు అడంగలు మొదలగు లెక్కలలో వ్రాసి యుంచువాడే కరణము. భూమి కొలుచుటకు ఇనుప గొలుసుండెడిది. దాని పొడవు అరువదియారు అడుగులు, అందు నూఱు లింకులు. గొలుసు పొడవు, గొలుసు వెడల్పు గల నేల పది సెంట్లు. అట్టివి పది చేరిన నొక యెకరము. ఈ లెక్కను నేను బడిలో నేర్వలేదు. మా యూరి గట్లమీద, కాళ్లకు బురద యంటించుకొని నేర్చితిని.

ఆ నేర్పిన విధమును చెప్పవలెను. సెలవుదినములలో పైరుల అజమాయిషీకి పోవునపుడు తండ్రిగారు ఇంటిలోని పిల్లలందఱిని బయలుదేరదీయుదురు. మేము నలుగురము, పెదతండ్రిగారి పిల్లలు అయిదుగురు, ఒకప్పుడు ఇరుగుపొరుగువారి పిల్లలు. తలారి గొలుసు భుజమున వేసికొని ముందు నడచును. ఒక గట్టుమీద నిలిచి వారు, "ఒరేయ్, ఈ తాడిచెట్టు దగ్గర్నించి ఆ రావిచెట్టు దాకా ఎన్ని గొలుసులో చెప్పండి. దగ్గరకొచ్చినవాడికి తాటితాండ్ర" అని కేక వేయుదురు. ఒకడు మూడనును, ఒకడు పది యనును. ఏమియు తోచని చిన్నవాడు, వానికి తెలిసిన మిక్కిలి పెద్ద సంఖ్య యదియే గనుక, నూఱనును. తలారి కూడ తన లెక్క చెప్పును. పిమ్మట గొలుసు పఱచి కొలుచుట. ఆ గొలుసు నేలమీద జాఱునపుడగు గలగల చప్పుడు నేటికిని నా చెవిలో నున్నది.

ఈ పందెములో తఱచుగా గెలుచునది మా యమ్మ. "మీకెలా తెలిసింది?" అని తండ్రిగారు ఆశ్చర్యము నటించినచో, "నీళ్ళబిందె చంకనెట్టుకుని రోజూ నడిచేదాన్ని కదండీ, నాకు తెలియక గొలుసుకు తెలుస్తుందా?" అనెడిది. తండ్రిగారు మాత్రము ఏనాడును గెలువలేదు. ఊరి కొలతలన్నియు కంఠస్థమైన కరణము ప్రతి పందెములోను ఓడిపోవుట యెట్లో మాకు చాలకాలము తెలియలేదు. తెలిసిన నాటికి మేము పెద్దవారమై మా పిల్లల చేతిలో ఓడిపోవుచుంటిమి.

మధ్యాహ్నమునకు గట్టుమీదనే భోజనము. పెరుగు కలిపిన చద్దియన్నము, ఆవకాయ బద్ద. తాడిచెట్ల మట్టలకు గిజిగాని గూళ్లు వ్రేలాడుచుండెడివి. గిజిగాడు గూడు సగము అల్లి ఆపునని, ఆడపక్షి వచ్చి లోపల వెలుపల పరీక్షించి మెచ్చిన పిమ్మటనే తక్కిన సగము పూర్తి చేయునని, మెచ్చనిచో నా గూడు వదలి మఱియొకటి మొదలు పెట్టునని వారు మాకు చూపిరి. చూపి యూరకుండిరా? "మీ అమ్మ కాపురానికొచ్చినరోజు వంటిల్లు ఇలాగే చూసింది. నేనింకా అల్లుతూనే ఉన్నాను" అనిరి. అమ్మ చేతిలోని గరిటె చూపెను. పిల్లలము అన్నము పొలమారునట్లు నవ్వితిమి.

వేసవిలో డెల్టా కాలువలు కట్టివేయుట మీలో పల్లెలవారెఱిగినదే. 1852లో పూర్తియైన ధవళేశ్వరపు ఆనకట్ట మాకిచ్చిన కాలువలవి. ఎండిన కాలువలో అడుసు నెఱ్ఱెలు విచ్చి, పిల్లలకది చెడుగుడు బరియగును. జూన్ మాసమున నీరు వదలుదురు. నీరు ఏ దినమున మా యూరికి వచ్చునో తండ్రిగారు ముందుగానే వాకబు చేసి, తెల్లవారుజామున మమ్ము లేపి, ఎగువనున్న వంతెన దాక నడిపించెడివారు. అచ్చట కాలువలోనికి దిగి నిలుచుందుము. కొంతసేపటికి దూరమున ఒక సన్నని సద్దు. పిదప వంపు తిరిగి నీరు కనబడును. అది గోదావరి యని యెవ్వడును నమ్మడు. చీలమండలంత యెత్తున, నురుగు, ఎండుటాకులు, కొబ్బరిపీచు, చీమల బారులు తలపై పెట్టుకొని ముసలివానివలె మెల్లగా నడచివచ్చును. దానికి ముందు కొంగలు, కొంగలకు ముందు మేము, మాకు ముందు పంచె యెగగట్టిన తండ్రిగారు. నీటి నడకతో నడక కలిపి, కాళ్లు తడియనీయక, మా యూరి రేవు దాక రావలెను. తడిసినవాడు ఓడినట్లు. "పరిగెత్తకండర్రా, గోదారికి మనూరు తెలీదు. మనం దారి చూపించాలి" అనెడివారు. రేవులో స్త్రీలు పసుపు కుంకుమలతో వేచియుందురు. మేము దారి చూపితిమి గనుకనే గోదావరి వచ్చినదని నేను ఏడెనిమిదేండ్లవఱకు నిశ్చయముగా నమ్మితిని.

నన్ను సంస్కృత పాఠశాలకు పంపినదియు వారే. తమకు లెక్కల తెలుగు తప్ప తెలియదని, ఇంటిలో నొకడైనను పెద్ద చదువు చదువవలెనని వారి కోరిక. అయినను ఆ చదువును గదిలో కూర్చుండి చదువనీయరు. తోపులోని మామిడికొమ్మకు ఉయ్యాల కట్టి, శబ్దమంజరి నా చేతికిచ్చి, తాము వెనుకనుండి ఊపెడివారు. ముందునకు పోవునపుడు ఏకవచనము, వెనుకకు వచ్చునపుడు ద్వివచనము, మఱల ముందునకు బహువచనము. సప్తమీ విభక్తి ముగియునప్పటికి నా కాళ్లు కొమ్మల నంటెడివి. నా తోడి విద్యార్థులకు నేటికిని కొన్ని శబ్దములు తడబడును గాని నాకు తడబడవు. కన్నులు మూసికొని ఊగినట్లు తలచుకొందును. అమరకోశమునకు వచ్చితిమి. అందు వనౌషధివర్గమును వారు పాఠ్యపుస్తకముగా నంగీకరింపలేదు. "నువ్వు పేరు చెప్పు, నేను చెట్టు చూపిస్తాను" అని పంతము. ఉసిరికకు ఆమలకీ, తిష్యఫలా, అమృతా, వయస్థా అని పేర్లు చెప్పితిని. వయస్థ యనగా వయస్సును నిలుపునది యని యర్థము చెప్పగా వారు గంతు వేసిరి. ఆ దినమునుండి మా తోపులోని ఉసిరిచెట్టునకు వయస్థ యనియే పేరు. "వయస్థ కింద చాప వేయండర్రా" అని వారనగా, క్రొత్తగా వచ్చిన చుట్టములు ఆమె యెవరో పెద్ద ముత్తైదువ యనుకొనెడివారు.

తండ్రిని దేవునిగా చూడుమని తైత్తిరీయోపనిషత్తు శీక్షావల్లియందు ఆచార్యుడు శిష్యునకు బోధించుట మీరెఱిగినదే. దేవశబ్దమునకు మూలమైన దివ్ ధాతువునకు ధాతుపాఠమునందు పది యర్థములు చెప్పబడినవి. ఆ పదింటిలో మొట్టమొదటిది క్రీడ. గెలువగోరుట, వ్యవహారము, కాంతి, స్తుతి మొదలగునవి యన్నియు తరువాతివి. గురువుగారు ఈ ధాతువు చెప్పిన నాడు తక్కిన విద్యార్థులు ఇంద్రాదులను తలచుకొనిరేమో. నాకు మాత్రము కాలువలో నీటికి ముందు నడచు మా నాన్నగారు కనబడిరి.

ఇక వనభోజనములు. మా పితామహుల నాటి తోపు రెండెకరముల నలువది సెంట్లు. కొబ్బరిచెట్లు నూటపండ్రెండు, ప్రక్కలను మామిళ్లు, ఒక పనస, నడుమ ఉసిరి, దాని చెంత నుయ్యి. కార్తికమాసమున ఒక యాదివారము చుట్టములు, పాలికాపులు, ఊరి పెద్దలు, బడిపిల్లలు అందఱును అచ్చటనే. సూర్యోదయమునకు ముందే గాడిపొయ్యి త్రవ్వి గుండిగలెక్కింతురు. కంద బచ్చలికూర, పులిహోర, ముక్కల పులుసు, బూరెలు. ఉసిరిచెట్టు క్రింద పూజ యగును. పూజ ముగియునంతవఱకు తండ్రిగారు బహు వినయముగా నుందురు. మంత్రపుష్పము కాగానే పంచె బిగించి కోతికొమ్మచ్చికి బయలుదేరుదురు. "ఏవండీ, కరణంగారికి కొమ్మలెక్కడం ఏమిటండీ, ఊళ్ళోవాళ్ళు చూస్తున్నారు" అని అమ్మ యనినచో, "చూడ్డానికే కదా పిలిచాం" అని పైనుండి జవాబు వచ్చును. 1987లో ప్రభవ మరల వచ్చి, వారికి షష్టిపూర్తియైన యేటను కొమ్మ యెక్కుట మానలేదు. అమ్మ మాత్రము ఆ యేడు చెట్టు మొదట నిలిచి రెండు చేతులు చాపినది, ఆరడుగుల మనిషి పడినచో పట్టుకొనుటకు.

ఇంతవఱకు ఆనందమే చెప్పితిని. ఇక చెప్పవలసినది వేఱు.

మా పితామహులు గతించిన పిమ్మట పల్లపు పొలములు అన్నదమ్ములు పంచుకొనిరి. తోపు వద్ద పేచీ వచ్చినది. నుయ్యి ఎవరి భాగములోనికి పోవలెను, ఉసిరి ఎవరిది యని. 1982 వేసవిలో పెద్దమనుష్యులు మా యరుగుమీద కూర్చుండిరి. మాటకు మాట పెరిగినది. మా పెదతండ్రిగారు, "లెక్కలు నీ చేతిలో ఉన్నాయి కదా, నీ ఇష్టమొచ్చినట్టు రాసుకో" అనిరి. కరణమును అంతకంటె నొప్పించు మాట లేదు. పెద్దమనుష్యులు సర్ది చెప్పుటకై, "గొలుసు మీ దగ్గరే ఉంది. అందరం చూస్తుండగా మీరే కొలిచి రాయి పాతెయ్యండి, గొడవ వదిలిపోతుంది" అనిరి. తండ్రిగారు చాలసేపు మాటలాడలేదు. పిదప, "ఊరందరి పొలాలూ కొలిచాను. మా అన్నయ్యకీ నాకూ మధ్య గొలుసు పరవను" అని లేచి లోపలికి పోయిరి.

దానితో తోపు పంపకము కాలేదు, ఉమ్మడిగానే నిలిచినది. మాటలు మాత్రము పంపకమైనవి. పెదతండ్రిగారు మా గడప త్రొక్కుట మానిరి. ఆ యేడు కార్తికమున తండ్రిగారు నన్ను పిలిచి, "పెద్దనాన్నగారిని భోజనానికి పిలిచి రా" అనిరి. పోయితిని. పెదతండ్రిగారు పత్రికనుండి తల యెత్తలేదు. పెద్దమ్మ దొడ్డిత్రోవను వచ్చి, నల్ల ఉసిరికపచ్చడి జాడీ నా చేతిలో పెట్టి, "మీ నాన్నకి ఇష్టం, పట్టుకెళ్ళు" అని మెల్లగా చెప్పినది. తోపులో పంక్తి తీర్చునపుడు తండ్రిగారు తమ కుడిప్రక్కను ఒక యాకు వేయించి, అన్నియు వడ్డింపించి, నేయి గూడ వేయించిరి. ఎవ్వరును రాలేదు. భోజనమైన పిమ్మట నా యాకు నెత్తి తమ చేతులతో ఆవునకు పెట్టిరి. మరుసటి యేడును అంతే. ఆ మరుసటి యేడును అంతే. ప్రతి యేడును నేను పిలుచుట, పత్రిక, పచ్చడి జాడీ, ఆకు, ఆవు. పదునాలుగు కార్తికములు. పదునాలుగనగానే మీకు భరతుని కథ స్ఫురించియుండును. వద్దు. మా పెదతండ్రిగారు రాముడును గారు, మా తండ్రిగారు భరతుడును గారు. ఇద్దఱును ఒక్క తల్లి పాలు త్రాగిన మొండివారు, అంతియే.

ఆ యాకును గూర్చి తండ్రిగారు ఏ దినమునను విచారముగా మాటలాడలేదు. మేము ముఖములు వ్రేలవేసికొనినచో, "ఆవు అదృష్టవంతురాలురా, ఏడాదికోసారి బూరెలు" అనెడివారు. మా తండ్రిగారిని గాలిమనిషి యని, దేనిని లెక్కచేయడని ఊరిలో కొందఱనెడివారు. లెక్కచేయనివాడు పదునాలుగేండ్లు ఆకు వేయించునా?

ఈ నడుమ 1984 జనవరిలో ప్రభుత్వము కరణము, మునసబు మొదలగు గ్రామోద్యోగములను రద్దు చేసినది. మా యింట తరతరములుగా నున్న పని యొక్క ఉత్తరువుతో ముగిసినది. లెక్కలు, పటములు, గొలుసు అప్పగించి రసీదు తీసికొని వచ్చిరి. ఆ రాత్రి భోజనము చేయలేదని అమ్మ తరువాత చెప్పినది. మరునాటి యుదయమున మాత్రము మా వీథి చివర కొబ్బరితాడు పేనువాని యింట కూర్చుండి, అరువదియారడుగుల తాడొకటి పేనించి, పదియవ వంతున కొక ముడి వేయించుచుండిరి. "ప్రభుత్వం గొలుసు ప్రభుత్వానిది. మన గొలుసు మనది. పిల్లల పందేలు ఆగకూడదు కదా" అనిరి. కొలుచుటకు ఇక పొలములు లేవు. ఆ తాడుతో మనుమల యెత్తును, దూడ పరుగును, అమ్మ జడను కొలిచిరి.

1996 నవంబరు 6వ తేది రాత్రి తుపాను కోనసీమను ధ్వంసము చేసిన సంగతి మీలో వయస్సు వచ్చినవారికి నేను వర్ణింపనక్కరలేదు. నేనప్పుడు వేఱొక యూరి బడిలో నుంటిని. దారులన్నిట చెట్లు అడ్డము పడుటచే రెండు దినములు గాని ఇల్లు చేరలేకపోతిని. ఇల్లు నిలిచినది. తోపు వద్దకు పోయితిని. నూటపండ్రెండు చెట్లలో నిలిచినవి తొమ్మిది. తక్కినవి యన్నియు తలలు ఒకే దిక్కునకు పెట్టి, యెవరో పేర్చినట్లు పండుకొనియున్నవి. ఉసిరిచెట్టు సగము వేళ్లు పైకి లేచి, నూతి గట్టుపై నొఱగియున్నది. తండ్రిగారొక మ్రానుపై కూర్చుండియుండిరి. నన్ను చూచి, "కాయలు దింపడానికి చెట్టెక్కేవాడు దొరకడం లేదని ఏడుస్తున్నాం కదరా, చెట్లే దిగొచ్చాయి" అనిరి. నేను నవ్వలేదు. వారును నవ్వలేదు. హాస్యమాడి తాము నవ్వకుండుట వారి జీవితమున నేను చూచినది ఆ యొక్క మాఱే.

దీపావళికి నాలుగు దినములు ముందు జరిగిన యుత్పాతమిది. ఆ యేడు మా వీథిలో ఒక దీపము వెలిగిన నూనె కరవు, వెలుగకున్న మనస్సు కరవు. కార్తికము ప్రవేశించినది. ఈ యేడు వనభోజనము వద్దని అమ్మ యనెను. వనమే లేదుగదా యని మేమందఱమును అంటిమి. తండ్రిగారు, "వనం లేకపోవడమేమిటి, పడుకుంది. పడుకున్నవాళ్ళ పక్కన కూర్చుని తినకూడదని ఏ శాస్త్రంలో ఉందిరా, నీ సంస్కృతంలో ఉందా?" అని నన్నడిగిరి. లేదని చెప్పితిని.

రెండవ యాదివారము పొయ్యి త్రవ్వితిమి. కట్టెలకు లోటు లేదు. అరటితోటలును పడిపోయినవి గనుక గాలికి చీలికలైన యాకులనే ఏరి తెచ్చి, రెండు మూడు చేర్చి పఱచితిమి. పులిహోర లేదు, బూరెలు లేవు. అన్నము, కంద బచ్చలికూర, మజ్జిగ. ఊరిలో చాలమంది యిండ్ల కప్పులు పోయినవి; వారందఱును వచ్చిరి. మొదట నెవ్వరును మాటలాడలేదు. పిల్లలు మాత్రము పడిన మ్రానులపై వంతెన నడక నడచుచు కేరింతలు కొట్టిరి. తండ్రిగారు తాడు తెచ్చి, "ఈ చెట్టు పొడుగెంతో చెప్పండర్రా, ఇన్నాళ్ళూ నిలబడి ఉంటే కొలవలేకపోయాం" అనిరి. ఒక ముసలి రైతు, ఇల్లు పూర్తిగా కూలినవాడు, "యాభై అడుగులండి" అనెను. కొలిచితిమి. ఏబదియొకటి. అతడు నవ్వెను. పిదప పంక్తిలో మాటలు మొదలైనవి.

ఆకులు వేయుచుండగా మా పెదతండ్రిగారు వచ్చిరి. ఆ యేడు నేను పిలుచుటకు పోయినపుడును పత్రికనుండి తల యెత్తలేదు. కావున వత్తురని నేననుకొనలేదు. మనుమని భుజముపై చేయి వేసి, కఱ్ఱ పొడుచుకొనుచు, మ్రానులు దాటుటకు కష్టపడుచు వచ్చిరి. ఉసిరిచెట్టు వద్ద నిలిచి నాలుగు ప్రక్కల చూచిరి.

"తమ్ముడూ, ఏ చెట్టు ఎవరిదో ఇంక తెలీదురా" అనిరి.

తండ్రిగారు లేవలేదు, కౌగిలించుకొనలేదు, కన్నీరు పెట్టలేదు. తమ కుడిప్రక్క యాకు చూపి, "కూర్చో అన్నయ్యా, కూర చల్లారిపోతోంది" అనిరి. అంతే. పెద్దమ్మ పచ్చడి జాడీ ఆ యేడు దొడ్డిత్రోవను గాక పంక్తి నడుమకు వచ్చినది. ఆవునకు మాత్రము ఆ యేటినుండి నష్టము కలిగినది.

ఆ సాయంకాలమే అన్నదమ్ములిద్దఱును నిలుచుండి, పదిమందిచే మోకులు కట్టించి ఉసిరిచెట్టును లేవనెత్తించి, పడిన కొబ్బరిమ్రాను తుంటలనే ఊతముగా పెట్టించిరి. అది బ్రతికినది. మరుసటి యేడు తొలకరికి కొబ్బరిమొక్కలు నాటిరి. చెట్టునకు చెట్టునకు ఇరువదియైదు అడుగుల యెడము. కొలిచినది ఆ కొబ్బరితాడుతోనే. ఎవరి భాగములో నెన్ని మొక్కలని యెవ్వరు నడుగలేదు. డెబ్బదియేండ్ల వయస్సున గునపము పట్టిన తండ్రిగారిని చూచి, కాపు వచ్చుటకు ఆరేడేండ్లు పట్టునుగదా యని నేనంటిని. "యముడొస్తే గెల వేసేదాకా ఆగమంటాను. ఆగుతాడు. అక్కడ లెక్కలు రాసే చిత్రగుప్తుడు మన కరణమే కదరా, ఆ మాత్రం సర్దలేడా?" అనిరి. సర్దెను. 2005లో, పార్థివ నామ సంవత్సర ఆషాఢమున వారు గతించునప్పటికి ఆ చెట్ల నీరు రెండు మూడు వేసవులు త్రాగిరి. మా పెదతండ్రిగారికి మాత్రము ఆ యవకాశము లేకపోయినది. వారు నాలుగేండ్లు ముందుగనే పోయిరి. వారు పోయిన యేడు కార్తికమున కుడిప్రక్క యాకు మరల వేయవలెనా యని అమ్మ యడుగగా, తండ్రిగారు తల యూపి, దానియందు పెదతండ్రిగారి చిన్నమనుమని కూర్చుండబెట్టిరి.

నేడు ఆ తోపునకు వారసులము తొమ్మండుగురము. హైదరాబాదులో కొందఱు, విశాఖపట్టణమున కొందఱు, అమెరికాలో ఇద్దఱు. అమ్ముదమని అడిగినవారును ఉన్నారు, కొందుమని వచ్చినవారును ఉన్నారు. అది మా యింటి సంగతి. దానితో సభవారి కాలము వ్యర్థపఱుపను. ఇంతవఱకు దానిలో సర్వేరాయి పడలేదని మాత్రము చెప్పుదును.

ఇక నేను మొదట చెప్పిన కారణము. గడచిన రెండు సంవత్సరములుగా మన సంఘములో రెండు పక్షములేర్పడినవి. ఏ పక్షముది న్యాయమో నేనెఱుగను. రెండు పక్షములలోను నా శిష్యులున్నారు. కార్తికమున ఒకే యాదివారము రెండు వనభోజనములు, రెండు పందిళ్లు, రెండు వంటల కాంట్రాక్టులు. పిల్లలు ఈ పందిటిలో తిని ఆ పందిటిలోని స్నేహితులను దూరమునుండి చూచుచున్నారు. ఈ సంగతిని తీర్మానములలో చేర్చవలదని పెద్దలు నిర్ణయించిరని వింటిని. మంచిది. నేను తీర్మానము ప్రతిపాదించుట లేదు. ఆహ్వానము చేయుచున్నాను.

రాబోవు కార్తికమున రెండవ యాదివారము మా తోపునకు దయచేయుడు. రెండు పక్షములవారికిని ఈ సభాముఖమున నా పిలుపు. మరల ఇంటింటికిని స్వయముగా వచ్చి పిలిచెదను. పత్రిక చదువుచుండినను పిలిచెదను, ఆ పని నాకు పదునైదేండ్ల యలవాటు. ధ్వనివర్ధకములు తీసికొని రావలదు. ప్లాస్టిక్ పళ్లెములు వలదు, అరటియాకులు నేను సిద్ధము చేసెదను. చెట్టెక్కగోరువారు ఎంత వయస్సువారైనను ఎక్కవచ్చును. క్రింద చేతులు చాపువారిని మాత్రము వెంట తెచ్చుకొనవలెను. కొబ్బరితాడు నా వద్దనే యున్నది, ముడులు కొంచెము వదులైనవి గాని కొలతకు పనికివచ్చును. తాటితాండ్ర ఇప్పటినుండియే చెప్పి యుంచితిని. మీలో నెవ్వరికైనను ఎవ్వరితోనైనను మాటలు లేకపోయినచో, వారి పేరొక చీటిపై వ్రాసి ముందుగా నాకిండు; మీ కుడిప్రక్క నొక యాకు ఎక్కువ వేయింతును. రాకపోయినచో ఆవు ఉన్నది.

గాడిపొయ్యి మాత్రము ఒక్కటే త్రవ్వింతును.

అధ్యక్షులవారు కనుసన్న చేయుచున్నారు.